ఎర్ర దీపం ఎక్కడుంటుంది?



మీరెప్పుడైనా గుమ్మిడిపూండి స్టేషనులో లోకల్ బండి దిగితే, పైవంతెన మీద ఒక్క నిమిషం నిలబడి పట్టాల వెంట చూడండి. ఒక సిగ్నలు స్తంభం కనిపిస్తుంది. దాని మీద దీపాలు ఒకదాని కింద ఒకటి అమర్చి ఉంటాయి. వాటిలో ఎర్ర దీపం అన్నిటికంటే కింద ఉంటుంది. అదే బండిలో చెన్నై సెంట్రలుకు వెళ్ళి, బయటికి వచ్చి, రోడ్డు మీది సిగ్నలు చూడండి. అక్కడ ఎర్ర దీపం అన్నిటికంటే పైన ఉంటుంది. యాభై కిలోమీటర్లు కూడా లేని ప్రయాణంలో ఎరుపు కిందినుంచి పైకి వెళ్ళిపోయింది. రోజూ ఈ బండిలో పనులకు వెళ్ళి వచ్చేవాళ్ళు ఎంతో మంది ఉన్నారు. ఎవరినైనా ఆపి అడిగితే, "అవునా, అలా ఉంటుందా?" అంటారు. నేనూ చాలాకాలం గమనించలేదు. నాకు దాన్ని చూపించినవాడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన ఒక పిల్లవాడు.

నేను సైన్సు చెబుతాను. మా ప్రాంతంలో సరిహద్దు దగ్గర పాఠం చెప్పడమంటే రెండు భాషల్లో చెప్పడమే. ఒక వాక్యం తెలుగులో మొదలుపెడతాం, అర్థం కాని ముఖాలు కనిపిస్తే తమిళంలో పూర్తిచేస్తాం. ఈ పిల్లవాడు తెలుగింటివాడు. వాళ్ళ ఇల్లు రైలు కట్ట పక్కనే. తండ్రి మేకలు పెంచేవాడు. పిల్లవాడు చురుకైనవాడే కాని, బొమ్మలకు రంగులు వెయ్యమంటే మాత్రం ఎప్పుడూ తప్పే. ఒకసారి ఆకు బొమ్మ వేయించాను. ఆకుకు గోధుమ రంగు వేసి, కింద మట్టికి ఆకుపచ్చ వేశాడు. "కళ్ళు పెట్టుకుని చూడవేమిరా?" అని క్లాసులో అందరి ముందూ కసిరాను. పిల్లలంతా నవ్వారు. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడు వచ్చిన కోపం వాడి అజాగ్రత్త మీద అనుకున్నాను.

ఆ తరువాత కొద్ది రోజులకు, 2008లో, పిల్లలను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకువెళ్ళాం. దక్షిణాదిలో మొదటి ట్రాఫిక్ దీపాలు 1953లో ఆ ఎగ్మూరు కూడలిలోనే పెట్టారని చెబుతారు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. రోడ్డు దాటడానికి పిల్లలను రెండు వరసలుగా నిలబెట్టాం. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఎదురుగా దుమ్ముపట్టిన సిగ్నలు పెట్టె. నడిచేవాళ్ళకు వేరే దీపం లేదు. బండ్లకు ఆకుపచ్చ దీపం పడింది. సరిగ్గా అప్పుడే ఈ పిల్లవాడు వరస విడిచి రోడ్డు మీదికి అడుగు వేశాడు. వాడి చొక్కా కాలరు నా చేతికి అందింది కాబట్టి సరిపోయింది. ఎదురుగా వచ్చిన బస్సు కొట్టిన హారను ఇప్పటికీ నా చెవిలో ఉంది. భయంలో వాడి వీపు మీద ఒకటి వేశాను.

వాడు ఏడవలేదు. "కిందదే కదా టీచర్ ఎలిగింది! కిందది ఎలిగితే బండి ఆగిపోద్ది కదా!" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. తిరుగు ప్రయాణంలో వాడిని నా పక్కనే కిటికీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. కవరైపేట దాటాక వాడు వేలు పెట్టి చూపించాడు. "అదిగో టీచర్, మా సిగ్నలు. కిందది ఎలిగితే బండి రాదు. పైవి ఎలిగితే వచ్చేస్తది. మేకల్ని తోలేస్తాను." వాడు చిన్నప్పటినుంచీ మేకలను కాపాడుకున్నది ఆ లెక్కతోనే. దీపం ఏ రంగులో ఉందో వాడు ఎన్నడూ చూడలేదు. ఏ చోట వెలిగిందో చూశాడు. ఇంటి దగ్గర సరిపోయిన లెక్క ఎగ్మూరులో తలకిందులయింది.

వాళ్ళ అమ్మా నాన్నలకు చెప్పి, పిల్లవాడిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. వాళ్ళ నాన్న దారి పొడుగునా "వాడికి చూపు మంచిదే టీచరమ్మా, చీకట్లో కూడా మేకను కనిపెడతాడు" అంటూనే ఉన్నాడు. అదీ నిజమే. డాక్టరు ఒక పుస్తకం తెరిచారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, ఆ చుక్కల్లో దాగిన అంకెలు. జపాను డాక్టరు ఇషిహారా 1917లో తయారుచేసిన పరీక్ష అది. మాకు స్పష్టంగా కనిపిస్తున్న అంకెలు వాడికి కనిపించలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా పట్టలేని చూపు అన్నారు. దీన్ని మన పుస్తకాల్లో వర్ణాంధత్వం అని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. వాడు అంధుడు కాడు.

ఇక్కడ నేను సిగ్గుపడ్డ విషయం ఒకటి చెప్పాలి. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ పేరు ఏటా పాఠంలో చెబుతాను. ఆ డాల్టన్‌కూ ఇదే చూపు. తన చూపు ఇతరుల చూపులాంటిది కాదని గుర్తించి, 1794లో దాన్ని గురించి శాస్త్రవేత్తల సభలో చదివాడు. తన కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి ఉంటుందని ఆయన ఊహ. చనిపోయాక కళ్ళను పరీక్షించమని చెప్పి మరీ వెళ్ళాడు. పరీక్షిస్తే ద్రవం మామూలుగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి భాగం నుంచి 1995లో జన్యువును చదివి, ఆకుపచ్చను పట్టే కణాల్లో లోపం అని తేల్చారు. ఇంత కథ తెలిసిన నేనే, నా ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడిని కళ్ళు పెట్టుకుని చూడమన్నాను.

ఈ లోపం తల్లి వైపునుంచి వస్తుంది. తల్లికి కనబడకుండా ఆమె ద్వారా కొడుకుకు చేరుతుంది. అందుకే ఆడపిల్లల్లో చాలా అరుదు, మగపిల్లల్లో ఎక్కువ. మన ఇళ్ళల్లో "మేనమామ పోలిక" అంటారే, ఈ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. డాక్టరు అడగగానే వాళ్ళ అమ్మకు గుర్తొచ్చింది. ఆమె తమ్ముడిని మిరప తోటలో పండుకాయలు కొయ్యడానికి పంపితే, పచ్చికాయలు కూడా కోసుకొచ్చేవాడట. సోమరితనం అనుకుని వాళ్ళ నాయన కొట్టేవాడట.

ఇక ప్రశ్న ఏమిటంటే, రైలుకు ఎరుపు కింద ఎందుకు, రోడ్డుకు పైన ఎందుకు? ఎవరో ఒకరు ఒకే పద్ధతి పెట్టి ఉండవచ్చు కదా?

అసలు రోడ్డు దీపాలు రైలు ఇంటినుంచి వచ్చినవే. 1868లో లండనులో పార్లమెంటు ముందు మొట్టమొదటి ట్రాఫిక్ సిగ్నలు పెట్టారు. దాన్ని తయారుచేసింది జె. పి. నైట్ అనే రైల్వే ఇంజనీరు. పగలు రైలు సిగ్నలులాగే చేతులు చాచేది, రాత్రి గ్యాసు దీపం వెలిగేది. కొద్ది వారాలకే గ్యాసు పేలి, దాన్ని నడుపుతున్న పోలీసు గాయపడ్డాడు. ఆ ప్రయోగం అక్కడితో ఆగింది. మళ్ళీ కరెంటు దీపాలతో 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండులో మొదలయింది. 1920లో డెట్రాయిటులో నాలుగు వైపులా మూడేసి రంగుల దీపాలు వచ్చాయి. అప్పటినుంచి రోడ్డు దీపాల దారి వేరు, రైలు దీపాల దారి వేరు.

రైలు సిగ్నళ్ళలో మనం బ్రిటిషువారి పద్ధతిని అందుకున్నాం. మూడు దీపాల సిగ్నలు అయితే పైన ఆకుపచ్చ, నడుమ పసుపు, కింద ఎరుపు. నాలుగు దీపాలదైతే పైన పసుపు, తరువాత ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, అట్టడుగున ఎరుపు. అన్నిటికంటే ముఖ్యమైన దీపం డ్రైవరు కంటి ఎత్తుకు దగ్గరగా ఉండాలన్నది ఒక కారణం. ఇంకో కారణం వింటే మీకు నవ్వొస్తుంది. ప్రతి దీపానికీ పైన ఎండ తగలకుండా చిన్న గొడుగులాంటి రేకు ఉంటుంది. చలిదేశంలో ఆ రేకు మీద మంచు పేరుకుని, పైనున్న దీపానికి అడ్డం వస్తుంది. అట్టడుగు దీపం కింద రేకు ఉండదు కాబట్టి దానికి ఆ బెడద లేదు. మా గుమ్మిడిపూండిలో మంచు కురిసిందని మా తాతలు కూడా చెప్పలేదు. అయినా ఆ నియమం ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడింది.

రోడ్డు మీద సంగతి వేరు. ముందు లారీ ఉంటే కింది దీపాలు దాని చాటున పడతాయి. పై దీపం లారీ నెత్తి మీదుగా దూరానికి కనిపిస్తుంది. ఆగమని చెప్పే దీపం కనిపించి తీరాలి కాబట్టి ఎరుపును పైన పెట్టారు. రెంటికీ న్యాయం ఉంది. రెండూ చూస్తూ పెరిగిన పిల్లవాడి గురించి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

రైళ్ళకు ఈ రంగుల దీపాలు రాకముందు రెక్కల సిగ్నళ్ళు ఉండేవి. మా వైపు తమిళంలో దాన్ని కైకాట్టి అంటారు, అంటే చెయ్యి చూపేది అని. చెయ్యి అడ్డంగా చాచి ఉంటే ఆగాలి, కదిలితే వెళ్ళవచ్చు. పగటిపూట రంగుతో పనే లేదు. రాత్రి దీపంతోనే చిక్కు. 1875లో స్వీడనులో లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు గుద్దుకున్నాయి. రంగులు పోల్చుకోలేని చూపు దానికి కారణమై ఉండవచ్చునని హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త వాదించి, రంగురంగుల ఉన్ని పోగులతో ఒక పరీక్ష తయారుచేశాడు. రైల్వే ఉద్యోగాలకు రంగుల పరీక్ష తప్పనిసరి కావడం అక్కడినుంచే పాకింది.

రంగుల పేర్లు కూడా మనం అనుకున్నంత గట్టివి కావు. మా సరిహద్దులో ఇది రోజూ అనుభవమే. "పచ్చ దీపం పడితే వెళ్ళాలి" అని తెలుగులో చెప్పి చూడండి. ఏ పచ్చ? చెట్టు పచ్చగా ఉంటుంది, పెళ్ళికూతురి పాదాలూ పచ్చగానే ఉంటాయి. పచ్చిక ఒక రంగు, పచ్చకామెర్లు ఇంకో రంగు. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చ మాత్రమే. పసుపుకు మంజళ్ అని వేరే మాట ఉంది, కామెర్లను కూడా మంజళ్ కామాలై అంటారు. క్లాసులో తమిళ పిల్లలకు లేని సందేహం తెలుగు పిల్లలకు వస్తుంది. మూడు దీపాల్లో రెంటికి మనవాళ్ళు ఒకే పేరు పెట్టగలరు. అప్పటినుంచి నేను ఆకుపచ్చ అని, పసుపు అని విడదీసి చెబుతున్నాను. జపానులో కూడా ఇలాంటిదే ఉంది. వాళ్ళు వెళ్ళమని చెప్పే దీపాన్ని "అవో" అంటారు. ఆ మాటకు ఇవాళ నీలం అని అర్థం. పూర్వం ఆకుపచ్చనూ అదే మాటతో పిలిచేవారు. అందుకే అక్కడి దీపాలు నీలం వైపు మొగ్గే ఆకుపచ్చలో ఉంటాయి. నిజానికి చాలా దేశాల్లో సిగ్నలు ఆకుపచ్చలో కొంచెం నీలం కలుపుతారు. మా పిల్లవాడివంటి చూపు ఉన్నవాళ్ళకు ఎరుపునుంచి విడిగా తెలియడానికి అది సాయం చేస్తుంది. అద్దం మీద దుమ్ము పడితే ఆ సాయమూ పోతుంది.

పైనా కిందా అన్న లెక్క అయినా ప్రపంచమంతా ఒకటేనా అంటే, అదీ కాదు. జపానులో దీపాలు ఎక్కువగా అడ్డంగా, పక్కపక్కన ఉంటాయి. ఎరుపు కుడి చివర ఉంటుంది. హొక్కైడోవంటి మంచు ఎక్కువ పడే ప్రాంతాల్లో మాత్రం మళ్ళీ నిలువుగా పెడతారు. అడ్డం పెట్టె మీద మంచు ఎక్కువగా పేరుకుంటుంది, బరువెక్కుతుంది. చూశారా, మా స్టేషను సిగ్నలులో ఎరుపును కిందికి దించిన మంచే అక్కడ సిగ్నలును నిలబెట్టింది. ఇప్పుడు ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ఆ బెడద ఇంకా పెరిగింది. పాత బల్బు వేడికి మంచు కరిగేది, ఎల్‌ఈడీకి ఆ వేడి లేదు.

మా పెదనాన్నగారి మనవడు ఒకడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. వాడిని ఫొటో పంపమన్నాను. టెక్సస్ రాష్ట్రంలో చాలా ఊళ్ళలో దీపాలు జపానులోలాగే అడ్డంగా ఉంటాయి. కాని ఎరుపు ఎడమ చివర! మొదట తికమకపడ్డాను. తరువాత అర్థమయింది. జపానులో మనలాగే ఎడమవైపు నడుపుతారు, అమెరికాలో కుడివైపు. రెండు చోట్లా ఎరుపు రోడ్డు మధ్యకు దగ్గరగా ఉంది. రోడ్డు పక్కనున్న చెట్టు కొమ్మలు అడ్డం వచ్చినా ఆ చివరి దీపం కనిపిస్తుంది. అలా చూస్తే నియమం ఒకటే. కాని కుడి ఎడమలు బట్టీ పట్టినవాడు ఒక దేశంనుంచి ఇంకో దేశానికి వెళితే, మా పిల్లవాడు ఎగ్మూరులో వేసిన అడుగే వేస్తాడు.

న్యూయార్కు రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊరుంది. అక్కడ టిపరరీ హిల్ అనే పేటలో ఐర్లండు నుంచి వెళ్ళినవాళ్ళు ఉంటారు. 1920లలో అక్కడ సిగ్నలు పెడితే, బ్రిటిషువారి ఎరుపు ఐర్లండు ఆకుపచ్చ నెత్తిన ఉండడమేమిటని కుర్రాళ్ళు దీపం పగలగొట్టారు. మళ్ళీ పెడితే మళ్ళీ పగలగొట్టారు. చివరికి అధికారులే దిగివచ్చి ఆకుపచ్చను పైన పెట్టారు. ఇప్పటికీ అలాగే ఉంది. వినడానికి సరదాగా ఉన్నా, రంగు కనబడని మనిషి ఆ కూడలికి కొత్తగా వస్తే అతని గతేమిటని నేను ఆలోచిస్తాను.

అందరికంటే తెలివైన పని కెనడాలో క్విబెక్ వాళ్ళు చేశారని నా అభిప్రాయం. అక్కడ ఎరుపు చతురస్రంగా, పసుపు వజ్రం ఆకారంలో, ఆకుపచ్చ గుండ్రంగా కనిపించే సిగ్నళ్ళు ఉన్నాయి. అడ్డంగా పెట్టిన పెట్టెకు రెండు చివరలా ఎరుపే. కుడి, ఎడమ, పైన, కింద అనే గొడవ లేదు, రంగు తెలియకపోయినా ఫరవాలేదు. ఒక రేకు ముక్కను కత్తిరించి అద్దం ముందు బిగిస్తే అయ్యే పని ఇది. మన దగ్గర ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

దీపాల వరస తరువాత ఇంకో తేడా ఉంది. స్తంభం ఎక్కడ పాతాలి అన్నది. అమెరికాలో దీపాలు కూడలి అవతలి వైపు తీగల మీదా, చాచిన చేతుల మీదా వేలాడుతుంటాయి. జర్మనీలో ఇవతలి వైపు, ఆగే గీత దగ్గరే ఉంటాయి. గీత దాటి ముందుకు పోతే దీపం కనిపించదు, అందుకని గీత వెనకాలే బుద్ధిగా ఆగుతారు. మరీ దగ్గరగా ఆగినవాళ్ళ కోసం ఫ్రాన్సులో అదే స్తంభానికి కంటి ఎత్తులో చిన్న దీపాలు పెడతారు. బ్రిటనులో ఇవతల ఒకటి, అవతల ఒకటి. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో సిగ్నళ్ళ మీద ఐఆర్‌సీ 93 అనే మార్గదర్శక గ్రంథం వేసింది. అందులోనూ ఇవతల ప్రధాన సిగ్నలు, అవతల రెండో సిగ్నలు అన్నారు. కాగితం మీద బాగానే ఉంది. మన స్కూటర్లవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. అవతలి దీపం కనిపిస్తుంది కదా అని గీత దాటి, పాదచారుల చారల మీద బండి నిలిపి, కాలు కింద పెట్టి కాచుకుని ఉంటారు. పిల్లలను తీసుకుని ఆ బండ్ల మధ్యనుంచి దాటేటప్పుడు మాత్రం నాకు జర్మనీ పద్ధతే మంచిదనిపిస్తుంది.

గుమ్మిడిపూండి విషయానికి వస్తే, మాకు సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఉంది. ఒక పక్క చెన్నై నుంచి కోల్‌కతా పోయే పదహారో నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు అయిదో నంబరు అనేవాళ్ళం. ఇనుము మోసే లారీలు, పొడుగాటి ట్రైలర్లు. అలాంటి బండి వెనక స్కూటరు మీద ఉంటే పక్కన పాతిన స్తంభం సిగ్నలు కనిపించదు. అందుకే పెద్ద రోడ్ల మీద స్తంభంనుంచి చెయ్యి చాపి రోడ్డు మీదికి దీపాలు వేలాడదీస్తారు. చెన్నైలో ఇవి చాలా ఉన్నాయి. పెట్టె చుట్టూ నల్లని పలక ఉంటే ఇంకా మంచిది. ఆ పలక శోభ కోసం కాదు. ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు వెళ్ళేవాళ్ళకు సూర్యుడు కళ్ళల్లో కొడతాడు. పలక లేకపోతే దీపం ఆ వెలుగులో కరిగిపోతుంది. రాత్రి ఇంకో చిక్కు. చీకట్లో పెట్టె కనిపించదు, ఒక్క వెలుగు చుక్క మాత్రం కనిపిస్తుంది. ఆ చుక్క పెట్టెలో పైదా, కిందదా? రంగు తెలిసిన మనకు ఆ ప్రశ్నే రాదు. తెలియనివాడికి ప్రాణం మీదికి వస్తుంది. రోడ్ల మీద ఒంటరిగా మినుకుమినుకుమనే దీపాలూ అంతే. పసుపు మినుకుమంటే జాగ్రత్తగా వెళ్ళమని, ఎరుపు మినుకుమంటే ఆగి చూసి వెళ్ళమని. ఒక్కటే దీపానికి పైన ఏది, కింద ఏది?

మా పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడికి రైలు బండి నడపాలని కోరిక. కట్ట పక్కన పెరిగిన పిల్లలకు అది సహజం. రైల్వే పరీక్ష రాశాడు, వైద్య పరీక్షలో రంగుల దగ్గర పోయింది. ఆ రోజు మా ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ నియమం తప్పని నేను అనలేను. రాత్రి వర్షంలో, అంత దూరంలో ఒక్క చుక్కను చూసి వందలమంది ప్రాణాల సంగతి తేల్చాలి. వాడికీ ఆ మాటే చెప్పాను. కాని మోటారు బండి లైసెన్సు సంగతి వేరు. దరఖాస్తుతో పాటు ఇచ్చే ఫారం ఒకటిలో, ఎరుపు, ఆకుపచ్చ రంగులను తేలికగా పోల్చుకోగలరా అని ఒక ప్రశ్న ఉండేది. లేదు అని నిజం రాస్తే లైసెన్సు రాదు. అవును అని రాసిన ఇలాంటి చూపువాళ్ళు దేశంలో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. వీడు అబద్ధం రాయనన్నాడు. పాతికేళ్ళు వచ్చినా సైకిలు మీదే తిరిగాడు.

2020 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ ఆ నియమాన్ని సవరించింది. రంగుల లోపం స్వల్పంగా, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకు లైసెన్సు ఇవ్వవచ్చునని, తీవ్రంగా ఉన్నవాళ్ళకు మాత్రం కూడదని. వైద్య నిపుణుల సలహా మీద చేసిన మార్పు అది. నేనే పేపరు కత్తిరించి వాడికి ఇచ్చాను. డాక్టరు మధ్యస్థం అని రాసిచ్చారు. 2021లో లైసెన్సు వచ్చింది. మొదటిసారి మోటారు సైకిలు మీద మా ఇంటికి వచ్చినప్పుడు వాడి వెనక కూర్చుని బజారు దాకా వెళ్ళాను. కొంచెం భయపడ్డానని ఒప్పుకోవాలి. వాడు నాకంటే జాగ్రత్తగా నడిపాడు. ప్రతి కూడలికీ ముందే వేగం తగ్గించి, పెట్టెను వెతికి, పైదా కిందదా చూసుకుని, పక్క బండ్లు ఏం చేస్తున్నాయో కూడా చూసి కదిలాడు.

ఈ మధ్య కొన్ని నగరాల్లో కొత్త ఫ్యాషను వచ్చింది. సిగ్నలు స్తంభానికి కిందినుంచి పైదాకా ఎల్‌ఈడీ పట్టీలు చుట్టి, ఆగమంటే స్తంభమంతా ఎర్రగా, వెళ్ళమంటే అంతా ఆకుపచ్చగా వెలిగిస్తున్నారు. 2022లో బెంగుళూరులో కొన్ని కూడళ్ళలో ఎర్ర దీపాన్ని గుండె ఆకారంలో పెట్టారు, గుండె ఆరోగ్యం గురించి గుర్తుచెయ్యడానికి. ఆ గుండె నాకు నచ్చింది. ప్రచారం కోసం చేసినా, ఎరుపుకు ఒక ఆకారం వచ్చింది. పట్టీల సంగతి మాత్రం నాకు తేలలేదు. దూరానికి బాగా కనిపిస్తాయి, లారీ చాటున కూడా కనిపిస్తాయి. మామూలు చూపు ఉన్నవాళ్ళకు మేలే.

పోయిన నెల మా వాడు నగరంనుంచి ఫోను చేశాడు. రాత్రి తొమ్మిదయింది, వెనకాల బండ్ల రొద వినిపిస్తోంది. "టీచర్, ఇక్కడ స్తంభం మొత్తం ఎలుగుతా ఉంది. ఆ ఎలుగులో పెట్టె కనపడలా. పైదేదో, కిందదేదో తెలీలా" అన్నాడు. మరి ఏం చేశావురా అని అడిగాను. బండి పక్కకు తీసి ఆపుకున్నాడట. రెండుసార్లు రంగు మారేదాకా నిలబడి, మిగతా బండ్లు ఎప్పుడు ఆగుతున్నాయో, ఎప్పుడు కదులుతున్నాయో చూసుకుని, మూడోసారి వాళ్ళతో పాటు దాటాడట.